గృహాలంకరణలో జపాను సంప్రదాయ కళ

ఇల్లు కట్టుకున్న మానవుడు గోడను చూసి ఊరకుండలేడు. పూరిపాకలో నివసించే గృహిణి సైతం పండుగ నాటికి గోడలకు సున్నం వేసి, గడపకు పసుపు రాసి, వాకిట ముగ్గు తీర్చిదిద్దుతుంది. ముస్లిం గృహాలలో ఈద్ ఇంకా నాలుగు రోజులున్నదనగానే పరదాలు మారుతాయి. చాందినీ ఉతికి పరుస్తారు. తలుపు పైనున్న బిస్మిల్లా పలకకు పట్టిన దుమ్ము తుడుస్తారు. కనుక అలంకరణ ధనికుల వినోదమని తలచడం పొరపాటు. తాను నివసించే చోటు తన మనస్సుకు అద్దం కావాలన్న కోరిక బీదకూ సమానమే, భాగ్యవంతునికీ సమానమే.

గోడకు ఏమి తగిలించాలి అన్న ప్రశ్నకు ప్రపంచంలోని ప్రతి జాతీ తన తన రీతిలో సమాధానం చెప్పుకున్నది. ఈ విషయంలో జపాను వారి సమాధానం నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్నది. వారి కళాఖండాలు మన హైదరాబాదు వాసులకు కొత్త కావు. మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తుసంపదతో 1951లో ఆరంభమై, 1968 నుండి మూసీ ఒడ్డున నేటి భవనంలో కొలువై ఉన్న మ్యూజియంలో జపాను పింగాణీ పాత్రలను, లక్క పూత పెట్టెలను, పట్టుపై కుట్టిన చిత్రాలను, ఖడ్గాలను మనలో అనేకులు చూసే ఉంటారు. అయితే అద్దాల బీరువాలో వరుసగా పేర్చిన ఆ వస్తువులను చూసి జపాను కళ అంటే ఇదేననుకుంటే సగం మాత్రమే తెలుసుకున్నట్లు. ఆ వస్తువు పుట్టిన ఇంట్లో దానికి ఎటువంటి స్థానం ఉండేదో తెలిసిననాడు గాని దాని అందం పూర్తిగా బోధపడదు.

సంప్రదాయ జపాను గృహం కొయ్యతో, కాగితంతో, గడ్డితో నిర్మితమైనది. నేలపై తతామి అనే మందపాటి చాపలు పరుస్తారు. వరిగడ్డిని గట్టిగా అదిమి కుట్టిన దిమ్మపై తుంగ జాతి గడ్డితో నేసిన చాపను కప్పి, అంచులకు గుడ్డ కుట్టి వీటిని తయారు చేస్తారు. ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి కొలత కొంచెం మారుతుంది. గది వైశాల్యాన్ని వారు అడుగులలో గాక చాపలలో చెప్పుకుంటారు; ఇది నాలుగున్నర చాపల గది, అది ఆరు చాపల గది అని. వెలుతురు వచ్చే వైపున సన్నని కొయ్య చట్రాలకు తెల్లని చేతి కాగితం అంటించిన షోజి తలుపులు ఉంటాయి. ఎంత తీవ్రమైన ఎండయినా ఆ కాగితం గుండా వచ్చేసరికి పాలవలె మెత్తబడుతుంది. గదికీ గదికీ నడుమ ఫుసుమా అనే జరుపుడు తలుపులు. అవి ప్రక్కకు జరిపితే రెండు గదులు ఒకటవుతాయి. రాత్రి పరుపులు పరచుకుంటారు, ఉదయం మడిచి గోడ అలమరలో పెడతారు. పగలు కూర్చునే గదే రాత్రి పడకగది. ఈ మాట వినగానే మనలో చాలామందికి తమ ఇల్లే జ్ఞప్తికి రాక మానదు. నేల మీద కూర్చుని దస్తర్‌ఖాన్ పరచుకుని భోంచేసి, రాత్రి అదే చోట బిస్తర్లు వేసుకునే కుటుంబాలకు జపాను ఇల్లు పరాయిది ఎలా అవుతుంది?

ఈ గదిలో కళకు నియమించబడిన చోటు ఒక్కటే. దానిని తొకొనోమా అంటారు. ఒక గోడలో లోపలికి జరిపి, నేలకంటె కొంచెం ఎత్తుగా నిర్మించిన గూడు అది. దాని ప్రక్కన ఒక స్తంభం ఉంటుంది. తరచుగా ఆ స్తంభాన్ని చెట్టు సహజ రూపం చెడకుండా నిలుపుతారు. గూటిలో ఒకే ఒక నిలువు పటం వ్రేలాడుతుంది. దాని ముందు ఒక పూపాత్ర గాని, ధూపపాత్ర గాని ఉంటుంది. అంతే. ఆ పటాన్ని కకెమొనో అంటారు. కాగితం మీదనో పట్టు మీదనో వేసిన చిత్రాన్ని లేక రాతను బట్ట అంచులతో అతికి, అడుగున గుండ్రని కర్ర అమర్చి, చుట్ట చుట్టుటకు వీలుగా చేస్తారు. ఋతువు మారగానే పటం మారుతుంది. వచ్చే అతిథిని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంది. మిగిలినవన్నీ కొయ్య పెట్టెలలో నిద్రిస్తూ తమ వంతుకై వేచి ఉంటాయి. ఈ ఆచారంలో లోకజ్ఞానం కూడా ఉన్నది. కాగితానికీ రంగుకూ ఎడతెగని వెలుతురు శత్రువు. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే వెలుగు చూసిన పటం తరతరాలు నిలుస్తుంది. అదియును గాక, నిత్యమూ ఎదుట ఉండే వస్తువును కన్ను చూడడం మానేస్తుంది. నెలల తరువాత పెట్టె నుండి బయటికి వచ్చినది పాత స్నేహితునివలె పలుకరిస్తుంది.

ఈ గూడు మురొమాచి యుగంలో, అనగా 1336 నుండి 1573 వరకు గల కాలంలో రూపు దిద్దుకున్నది. క్యోటోలోని గింకాకుజిలో అషికాగా యొషిమసా 1486లో కట్టించిన తోగుదో అనే మందిరంలో నాలుగున్నర చాపల చిన్న గది ఒకటి ఈనాటికీ నిలిచి ఉన్నది. దేశాన్ని ఏలిన వంశంలో పుట్టినవాడు తన చదువు కొరకు అంత చిన్న గదిని కోరుకోవడం గమనింపదగినది. తొకొనోమా విషయంలో మరొక మర్యాద కలదు. ముఖ్య అతిథిని ఆ గూటికి దగ్గరగా, దానికి వీపు వచ్చేట్లు కూర్చుండబెడతారు. నా పటం చూడు, నా సంపద చూడు అని అతిథి కళ్ళ ముందు నిలబెట్టడం అమర్యాద అని వారి భావం. అతిథే ఆ పటంతో పాటు గదికి అలంకారమవుతాడు.

తేనీటి గోష్ఠికి పేరెన్నికగన్న సెన్ నో రిక్యూ (1522–1591) గురించి జపానులో ఒక కథ ప్రచారంలో ఉన్నది. రిక్యూ తోటలో ఉదయాన విచ్చుకునే నీలిపూల తీగలు అద్భుతంగా పూచాయని విని, నాటి సర్వాధికారి తొయొతొమి హిదెయొషి చూడవచ్చాడట. తోటలో ఒక్క పువ్వు లేదు, అన్నీ కోసివేయబడ్డాయి. ఆగ్రహంతో తేనీటి గదిలోకి వంగి ప్రవేశించిన ప్రభువుకు తొకొనోమాలో ఒకే ఒక పువ్వు కనిపించిందట. కథలో నిజమెంతో గాని, జపాను అలంకరణ రహస్యమంతా ఇందులోనే ఉన్నది. వేయి పూలు చూసే కన్ను దేనినీ చూడదు. అదే రిక్యూ 1591లో అదే హిదెయొషి ఆజ్ఞకు లోబడి ఆత్మాహుతి చేసుకోవలసి వచ్చిందన్నది చరిత్ర. బంగారు రేకులు తాపిన తేనీటి గదిని చేయించుకున్న ప్రభువు ఒకవంక, యమజాకిలో రెండే చాపల మట్టిగోడల గదిని మిగిల్చిన గురువు మరొకవంక. ఈనాడు లోకం గౌరవంతో చూడబోయేది ఆ మట్టిగోడల గదినే.

జపాను వారికి బంగారం తెలియదని కాదు. పెద్ద కోటలలో, మఠాలలో ఫుసుమా తలుపులకూ బియోబు అనే మడత తెరలకూ బంగారు రేకు అతికి వాటిపై చిత్రాలు వేశారు. బియోబు అనగా గాలికి గోడ అని అర్థం. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఒగాతా కోరిన్ వేసిన పూల తెరల జత నేడు టోక్యోలోని నెజు మ్యూజియంలో ఉన్నది. ఆరేసి మడతలు గల రెండు తెరల నిండా బంగారు నేల. దానిపై నీలపు పూలు, పచ్చని ఆకులు మాత్రమే. నీరు లేదు, గట్టు లేదు, ఆకాశం లేదు. అయినా చూసేవానికి నీటి చెమ్మ తెలుస్తుంది. దీనికి ముందటి శతాబ్దాల సంధికాలపు చిత్రకారుడు హసెగావా తోహకు కేవలం సిరాతో పొగమంచులో దేవదారు చెట్ల వంటి పైన్ వృక్షాలను వేశాడు; తెరలో అధికభాగం ఖాళీ. ఆ ఖాళీయే మంచు. బంగారు తెరను కూడా వారు చీకటి గదిలోనే ఉంచేవారు. విద్యుద్దీపాలు లేని రోజులలో లోపలి గదికి చేరిన కొద్దిపాటి వెలుతురును ఆ బంగారం పట్టి తిరిగి ఇచ్చేది. రచయిత తనిజాకి జునిచిరో 1933లో నీడల సౌందర్యంపై వ్రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతినే వివరించాడు. అదే తెరను ట్యూబులైటు క్రింద నిలబెడితే అది కేవలం డాంబికంగా తోస్తుంది.

ఇక సామాన్యుల ఇళ్ళ సంగతి. తొకొనోమా కట్టుకునే తాహతు లేని పట్టణవాసులకు కొయ్య అచ్చుతో ముద్రించిన ఉకియో-ఎ చిత్రాలు అందుబాటులో ఉండేవి. పదునెనిమిదవ శతాబ్దిలో హషిరా-ఎ అనే ఒక ప్రత్యేక రూపం బయలుదేరింది. అనగా స్తంభపు చిత్రం. సుమారు డెబ్బది సెంటీమీటర్ల పొడవు, పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు గల ఆ సన్నని కాగితాన్ని ఇంటి స్తంభానికి తగిలించేవారు. గోడ లేదని వారు చిన్నబుచ్చుకోలేదు. స్తంభమంత వెడల్పులోనే మనిషిని, చెట్టును, చంద్రుణ్ణి ఇమిడ్చే నేర్పు చిత్రకారులు సంపాదించారు. ఇరుకు కూడా కళకు ఒక గురువే.

1853లో అమెరికా నౌకలు జపాను తీరం చేరిన తరువాత ఈ కళ పశ్చిమ దేశాలకు ప్రవహించింది. 1867 నాటి పారిస్ ప్రదర్శనలో ఐరోపా ప్రజలు దానిని చూసి ముగ్ధులయ్యారు. అయితే తెచ్చుకున్న వారందరూ ఒకే విధంగా వాడుకోలేదు. లండనులో లేలాండ్ అనే ఓడల వర్తకుని భోజనశాలను చిత్రకారుడు విస్లర్ 1876–77లో నీలం, పసిడి వర్ణాల నెమళ్ళతో నింపివేశాడు. యజమాని అనుమతి మించి పని జరిగింది. పైకం దగ్గర తగవు వచ్చింది. ఆ తగవునే చిత్రకారుడు పోట్లాడుకునే రెండు నెమళ్ళుగా గోడపై వేసి వెళ్ళాడు. ఆ గది నేడు వాషింగ్టనులో ఉన్నది. అద్భుతమే గాని అందులో కంటికి విశ్రాంతి లేదు. ఫ్రాన్సులో మోనే తన జివెర్నీ గృహంలో పసుపు రంగు భోజనశాల గోడలకు జపాను ముద్రణ చిత్రాలను తగిలించుకుని, వాటి నడుమ నిత్యజీవితం గడిపాడు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1893 షికాగో ప్రదర్శనలో జపాను మండపాన్ని చూశాడు. తరువాత తాను కట్టిన ఇళ్ళలో గదుల నడుమ అడ్డుగోడలు తగ్గించాడు. విస్లర్ అలంకారాన్ని తీసుకున్నాడు, మోనే సాహచర్యాన్ని తీసుకున్నాడు, రైట్ సూత్రాన్ని తీసుకున్నాడు అని చెప్పవచ్చు. ఇతరుల కళను మన ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఈ మూడు దారులూ మన ముందుంటాయి.

ఈ రాకపోకలలో మనవారి పాత్ర కూడా కొంత ఉన్నది. తేనీటి గ్రంథం రచించిన ఒకకురా 1901–02లో భారతదేశంలో నివసించి టాగోర్ కుటుంబంతో మైత్రి నెరపాడు. 1903లో చిత్రకారులు తైకాన్, షున్సో కలకత్తా వచ్చారు. హైదరాబాదు రాజ్య విద్యాశాఖకు అధిపతిగా ఉన్న సర్ రాస్ మసూద్ 1922లో జపాను వెళ్ళి, అక్కడి విద్యావిధానంపై గ్రంథం వ్రాశారు. అంతకంటె పూర్వపు బంధం మరొకటి కలదు. అది తెలుగువారు గర్వింపదగినది. పదిహేడవ శతాబ్దిలో డచ్చి వర్తకులు కోరమండల్ తీరం నుండి రంగుల అద్దకపు బట్టలను నాగసాకి రేవుకు చేరవేసేవారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ తీరాన మచిలీపట్నం ప్రధానమైన రేవు. ఆ అద్దకాలను జపాను వారు సరసా అని పిలిచి ప్రాణప్రదంగా చూసుకున్నారు. తేనీటి గోష్ఠి పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు. చిన్న ముక్కను సైతం పారవేయక దాచుకున్నారు. హికోనె ప్రభువుల ఇంట కూడిన సుమారు నాలుగు వందల యాభై సరసా ముక్కలు నేడు టోక్యో జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మన కలంకారీ వంటి బట్టను మనం దుప్పటిగా పరచి, చినిగిన తరువాత మసిగుడ్డ చేస్తాము. వారు జానెడు ముక్కకు పెట్టె కట్టించారు. వస్తువుకు విలువ ఎక్కడ నుండి వస్తుందో ఆలోచించవలసిన విషయం.

ఇంతవరకు చెప్పినది గ్రంథాల వలన, మ్యూజియం వలన తెలుసుకున్నది. దీనికి నా ఇంటితో గల సంబంధం చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణమవుతుంది. మా దాదాజాన్ వృత్తి రీత్యా కాతిబ్. ఉర్దూ పత్రికలను, పుస్తకాలను ముద్రణ కొరకు చేతితో వ్రాసేవారు. 1990ల దశకంలో కంప్యూటరు వచ్చి ఆ వృత్తిని మింగివేసింది. ఆయన పోయిన తరువాత మాకు మిగిలినవి నాలుగు రెల్లు కలాలు, ఒక సిరాబుడ్డి, నస్తాలీఖ్ లిపిలో తన తృప్తి కొరకు వ్రాసుకున్న ఒక కిత్ఆ. మాది పన్నెండడుగుల హాలు. దానిలో ఆ కిత్ఆకు ఒకవైపు దుకాణాల క్యాలెండర్లు, మరొకవైపు గడియారం, క్రింద ప్లాస్టిక్ పూలు, పైన గ్రూప్ ఫోటో. తలుపు కంటె ఎత్తున ముందుకు వంగి వ్రేలాడే ఆ పటాన్ని ఏండ్ల తరబడి నేను చదవనే లేదు. మా ఆపాకు సంబంధాలు చూస్తున్న రోజులలో ఆ గోడ నిండా షోకేసు చేయించాలని అమ్మీ, కిత్ఆను పెట్టెలో పెడితే నేను ఈ గదిలో కూర్చోనని దాదీమా పట్టుబట్టారు.

తొకొనోమా గురించి అప్పుడే చదివిన నేను ఒక సలహా చెప్పాను. ఆ గోడపై ఉన్నవన్నీ తీసివేసి, సున్నం వేసి, కిత్ఆను ఒక్కదానినే నేల మీద కూర్చున్నవారి కళ్ళకు ఎదురుగా మూడడుగుల ఎత్తున తగిలిద్దామన్నాను. అమ్మీ చెప్పిన అభ్యంతరం నేను మరువలేనిది. "వాళ్ళు రాజులు కనుక ఖాళీ గోడ పెట్టుకుంటే గొప్ప అయింది. మనం పెట్టుకుంటే లేనివాళ్ళమంటారు" అన్నది. దీనికి నా వద్ద తగిన జవాబు లేదు. నిరాడంబరతను కోరి తెచ్చుకోవడం వేరు. లేమి వలన అనుభవించడం వేరు. రిక్యూ మట్టిగది వెనుక అతని కాలపు ధనిక వర్తకుల పలుకుబడి ఉన్నది. జపాను కళను పొగిడే పుస్తకాలు ఈ భేదాన్ని తరచు విస్మరిస్తాయి.

అబ్బా మాత్రం ఒక నెల చూద్దామన్నారు. గోడ ఖాళీ అయింది. సంబంధం చూడవచ్చిన వారిలో ఒక పెద్దావిడ నలువైపులా చూసి, "సామాను ఇంకా సర్దుకోలేదా, భాయీసాబ్?" అని అడిగింది. అబ్బా తొణకలేదు. "మా ఇంటి సామాను ఇదే, ఆపా. మా అబ్బాజాన్ చేతిరాత" అన్నారు. ఆ సంబంధం కుదరలేదు. దానికి గోడ కారణమని చెప్పలేను, కాదనీ చెప్పలేను. మరుసటి సంవత్సరం వేరొక ఇంట ఆపా నికాహ్ జరిగింది. షోకేసు కూడా వచ్చింది గాని ప్రక్క గోడకు చేరింది. కిత్ఆ ఉన్న గోడ జోలికి అమ్మీయే ఎవరినీ పోనివ్వదు. చాప మీద కూర్చుని చదువుకుంటూ తల ఎత్తినప్పుడల్లా దాదాజాన్ కలం ఎక్కడ ఆగినదో, ఎక్కడ ఊపిరి బిగబట్టి లాగినదో ఇప్పుడు నాకు కనిపిస్తుంది.

జపాను తేనీటి గదులలో అన్ని పటాలకంటె మిన్నగా జెన్ గురువుల చేతివ్రాతను గౌరవిస్తారని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమూ ఆనందమూ కలిగాయి. ప్రాణుల బొమ్మలు గోడకు పెట్టని ముస్లిం గృహాలలోనూ లిపియే చిత్రం. కుంచె గాని, రెల్లు కలం గాని, ఒకసారి సాగిన తరువాత గీతను వెనుకకు తీసుకోలేము. ఆ ఒక్క క్షణంలో వ్రాసినవాని మనస్సు కాగితం మీద నిలిచిపోతుంది. ఈ రెండు సంప్రదాయాలు ఒకదాని నొకటి ఎరుగకనే ఒకే మర్మాన్ని గ్రహించాయి.

మిత్రులారా, జపాను కళను మన ఇంటికి తేవడమంటే బజారులో విసనకర్రలు, కాగితపు లాంతర్లు, వెదురు బొమ్మలు కొని తగిలించడం కాదు. వాటివలన గోడ బరువెక్కుతుందే గాని ఇల్లు అందగించదు. తెచ్చుకోదగినవి కొన్ని పద్ధతులు. వాటికి ఖర్చు స్వల్పం. గదిలో ఒక్క గోడను ఒక్క వస్తువుకు కేటాయించండి. దానిని కూర్చునేవారి కంటికి అందే ఎత్తున పెట్టండి. ఎండ సూటిగా పడే చోట, వానకు చెమ్మగిల్లే గోడకు కాగితపు పటం తగిలించకండి. ఉన్నవన్నీ ఒకేసారి చూపక వంతుల వారీగా మార్చండి. పక్కన పెట్టిన వాటిని పాత నూలుబట్టలో చుట్టి, పురుగు పట్టకుండా అప్పుడప్పుడు గాలికి ఆరబెట్టండి. పూలు పెట్టదలచితే గుత్తి వద్దు. పెరటిలోని ఒక్క మందారపు కొమ్మ చాలును. పక్కనున్న ఖాళీని నింపవద్దు. అది కూడా చిత్రంలో భాగమే.

కాలేజీ కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. మన పఠనమందిరంలో వాకిటికి ఎదురుగా ఉన్న గోడ నిండా ప్రకటన పత్రాలు, పాత చార్టులు వ్రేలాడుతున్నాయి. ఆ ప్రకటనలకు వరండాలో ఒక బోర్డు ఏర్పాటు చేసి, ఆ గోడకు సున్నం వేయించి, నెలకొక్క పటం చొప్పున తగిలించే ఏర్పాటు గావించవలసినదిగా కోరుతున్నాను. ఒక నెల ఉర్దూ కిత్ఆ, ఒక నెల తెలుగు చేతివ్రాత, మరొక నెల మన విద్యార్థి ఒకరు గీసిన చిత్రం, ఇంకొక నెల ఎవరి ఇంటి పెట్టెలోనో మడిచి ఉన్న నాయనమ్మ చేతి కుట్టు. నగరంలోనూ పల్లెలలోనూ కాతిబుల ఇళ్ళలో, అద్దకం పనివారి ఇళ్ళలో ఇటువంటివి ఇంకా మిగిలి ఉన్నాయి. అవి చెదపురుగుల పాలు కాకముందే వెలుగు చూడాలి. దీనికి కావలసినది ఒక మేకు, ఒక దారం, కొంచెం సున్నం. మొదటి నెలకు దాదాజాన్ కిత్ఆను తెచ్చి ఇచ్చుటకు మా దాదీమా అంగీకరించింది. నెల తిరగగానే తిరిగి ఇవ్వాలన్నది ఆమె షరతు.